ఖాళీ కొలత

గిన్నెలో చిటికెనవేలు ముంచి చూసింది దమయంతి. నీళ్లింకా కాగాలి. మంట పెంచితే ఒక్కసారే మరిగిపోతాయి, మళ్లీ చల్లార్చుకుంటూ కూర్చోవాలి. అందుకని సన్నమంట మీదే ఉంచి, గాజుగ్లాసులో చెంచాడు ఉప్పు, దాని మీద చిటికెడు వంటసోడా వేసి పక్కన పెట్టుకుంది. వానలు మొదలైనప్పటి నుంచీ రోజూ పొద్దున్నే ఇదే పని. అక్క సన్యాసమ్మ పళ్లు తోముకుని వచ్చేసరికి వేన్నీళ్లు సిద్ధంగా ఉండాలి. ఆ నీళ్లు పుక్కిలిస్తే గొంతులో కుట్టిన పొర మెత్తగా ఉంటుందని చెప్పినవాడు దమయంతి భర్త కమలాకర్. కొలత చెప్పిందీ ఆయనే.

సన్యాసమ్మ పెరట్లో నిలబడి, తల వెనక్కి వాల్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా పుక్కిలించింది. కొంగుతో మూతి తుడుచుకుంటూ వంటగదిలోకి వచ్చి, "మరిదిగారి టిఫినయిపోనాది" అంది.

సరే అనుకుని దమయంతి మిగిలిన ఉప్మా డబ్బాలో సర్దేసి మూత బిగించింది. కాసేపటికి కమలాకర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి కూర్చుని, ఎదురుగా ఉన్న ఖాళీ బల్ల వైపు చూశాడు. మీరు తినేశారని అక్క చెప్పిందే అని దమయంతి అంటే, సన్యాసమ్మ తల అడ్డంగా ఊపింది.

"అడిగేనే అమ్మీ నేను. అయిపోనాదని చెప్పలేదు."

"వదిన నోటంట వచ్చిందంటే బస్సు వెళ్లిపోయినట్టే" అని కమలాకర్ నవ్వి, డబ్బా మూత తీసి అందులోంచే తినడం మొదలుపెట్టాడు. సన్యాసమ్మ కూడా నవ్వింది. భుజాలు కదిలాయి, కళ్లు చిన్నవయ్యాయి, కొంగు నోటికి అడ్డం వచ్చింది. చప్పుడు మాత్రం రాలేదు.

దమయంతి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అక్క నవ్వితే ఒకప్పుడు గోడవతల వాళ్లు ఏమిటని అడిగేవారు. ఈ మధ్య ఎప్పుడు చూసినా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే నవ్వుతోంది. వయసుతో వచ్చిన నెమ్మది అనుకుంది దమయంతి ఇన్నాళ్లూ. ఇందాక అడిగిన ప్రశ్న కూడా అంతే. ప్రశ్నకు చివర్న ఉండాల్సిన ఎత్తు లేదు. నేల మీద గోళీ దొర్లినట్టు మాట మొదటి నుంచి చివరిదాకా ఒకే మట్టాన వచ్చింది.

విజయనగరం బస్టాండులో సన్యాసమ్మ గొంతు తెలియనివాళ్లు తక్కువ. బొబ్బిలి మీదుగా పార్వతీపురం వెళ్లు బస్సు మూడవ ప్లాట్‌ఫారం నందు సిద్ధముగా ఉన్నదని ఆమె మైకులో చెబితే, నిద్రపోతున్నవాళ్లు కూడా సంచులు తడుముకుని లేచేవారు. సంతలో కూరలు బేరమాడుతుంటే వెనకనున్న మనిషి ఉలిక్కిపడి బస్సు కోసం చూశాడని కండక్టర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మైకు సన్యాసమ్మ అంటే ఆమె కూడా పలికేది. తల్లి పోయాక చెల్లెల్ని పెంచి, ఊరి బడి నుంచి యూనివర్సిటీ దాకా చదివించింది ఆ గొంతే.

తర్వాత మెడలో గడ్డ లేచింది. ఆపరేషన్‌లో గడ్డ తీస్తుంటే గొంతుకు పోయే నరం దెబ్బతిన్నది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. ఆమెను పార్సిళ్ల గదిలో కూర్చోబెట్టారు. భర్త అప్పటికే లేడు, పిల్లలు లేరు. పెట్టె సర్దుకుని చెల్లెలి ఇంటికి వచ్చి, పలక మీద రాసి మాట్లాడటం నేర్చుకుంది.

అక్క పలక మీద రాసిన మాటలు తడిగుడ్డతో తుడుస్తూ తుడుస్తూ దమయంతి పట్టుదల పెంచుకుంది. అప్పటికే ఆమె, కమలాకర్ ఒకే ప్రయోగశాలలో పనిచేస్తున్నారు. విద్యుత్తు తగిలితే కదిలే ప్లాస్టిక్ పొరలు వాళ్ల పని. పొడుగాటి పాలిమర్ గొలుసుల మీద అక్కడక్కడా అయాన్లు, అంటే ఉప్పులో ఉండేలాంటి విద్యుత్ కణాలు, అతికి ఉంటాయి. అవి గుంపులు గుంపులుగా చేరి పొరను ముడులు వేసినట్టు పట్టి ఉంచుతాయి. చిన్న విద్యుత్తు తగలగానే ముడులు బిగుస్తాయి, వదులవుతాయి. మెడలో మిగిలిన నరం కొసను ఆ పొరకు కలిపితే, మనిషి మాట్లాడాలనుకోగానే పొర కదలాలి. మూడేళ్లు తిప్పలు పడ్డాక అది కదిలింది. నిరుటి వేసవిలో డాక్టర్ ప్రసన్న మొదటి పొరను సన్యాసమ్మ గొంతులో కుట్టింది. మత్తు దిగాక సన్యాసమ్మ అన్న మొదటి మాట, "అమ్మీ, దాహం". దమయంతి ఆసుపత్రి వరండాలోకి పోయి గోడకు మొహం పెట్టుకుని ఏడ్చింది. కొన్నాళ్లకు సన్యాసమ్మ మళ్లీ బస్టాండులో మైకు ముందు కూర్చుంది.

తర్వాత ఇంకో అయిదుగురికి కుట్టారు. ఇప్పుడు నలభైమంది ఎదురు చూస్తున్నారు. వారంలో అనుమతులిచ్చే కమిటీ కూర్చుని, సరే అంటే వాళ్లకూ మొదలుపెడతారు. ఆ పని మీదే కమలాకర్ ఆ రోజు విశాఖ వెళ్లాడు. దమయంతి ఒక్కతే ప్రయోగశాల బస్సెక్కింది.

దారి పొడుగునా అక్క మాటలే గుర్తు చేసుకుంది. నిన్న ఏమంది, మొన్న పాలవాడితో ఎలా అంది. విసుక్కున్నప్పుడు, ముద్దు చేసినప్పుడు, బేరమాడినప్పుడు. ఎంత వెతికినా చెవిలో ఒకే గొంతు వినబడుతోంది. ఓపికగా, మర్యాదగా, ఎక్కడా ఎత్తూ పల్లమూ లేకుండా. మైకు గొంతు.

అయినా పొర బాగానే ఉంది కదా అని తనకు తనే చెప్పుకుంది. నెలనెలా కొలుస్తున్నది తనే.

పొరకు చివర్న, దాంతో పాటే కదులుతూ, వేరే పని లేని చిన్న తోక ఒకటి ఉంటుంది. పరీక్షకు వెళ్లినప్పుడల్లా డాక్టర్ ప్రసన్న దాంట్లోంచి గోరంత ముక్క కత్తిరించి పంపుతుంది. ఆ ముక్క గుండా సన్నటి ఎక్స్‌రే కిరణాన్ని పోనిస్తే, పొరలోని గుంపులకు తగిలి అది చుట్టూ చెదురుతుంది. వెనక పలక మీద మసక వెలుగుతో ఒక వలయం పడుతుంది. దమయంతికి ఇది పుస్తకంలో చదవక ముందే తెలుసు. చిన్నప్పుడు అమ్మ నేతచీర కొంగు మొహం మీద కప్పుకుని వీధిదీపాన్ని చూస్తే, దీపం చుట్టూ మెరుపులు పరుచుకునేవి. నేత ఎంత దగ్గరగా ఉంటే మెరుపు అంత దూరం పాకేది. పోగులు ఎడంగా ఉన్న పాత చీరయితే దీపం పక్కనే ముడుచుకునేది. పొర కూడా అంతే. గుంపులు దగ్గర దగ్గరగా ఉన్నంతకాలం వలయం పెద్దది. గుంపులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, లావై, దూరమైతే వలయం లోపలికి కుంచించుకుపోతుంది. అలా కుంచించుకుపోతే పొర బిగిసిపోతున్నట్టు లెక్క.

ఆరుగురి వలయాలూ మొదటి రోజు ఎంత ఉన్నాయో ఇప్పటికీ అంతే ఉన్నాయి. కమిటీ ముందు పెట్టబోయేది ఆ మాటే.

గదిలో దీపాలు వేసి, అక్క పొర నుంచి కిందటి వారం తెచ్చిన ముక్కను తీసింది దమయంతి. మరొకసారి చూసుకుందామనిపించింది, అంతే. ముక్కను రెండు పల్చటి ప్లాస్టిక్ రేకుల మధ్య పెట్టి బిగిస్తుంటే ఒక రేకు చిరిగింది. పాతదే, ఎప్పుడో చిరగాల్సిందే. కొత్త రేకులు వేసింది. కొత్త రేకులు వేస్తే ఖాళీని మళ్లీ కొలవాలి. చదువుకునే రోజుల్లో మొట్టమొదట నేర్పే పని అది.

కిరణం ముక్కను మాత్రమే దాటి రాదు. రేకుల్నీ దాటుతుంది, దారిలో గాలినీ దాటుతుంది. వాటి మసక కూడా బొమ్మలో కలిసిపోతుంది. అందుకని మధ్యలో ఏమీ పెట్టకుండా ఒకసారి కొలిచి, ప్రతి బొమ్మలోంచి దాన్ని తీసేస్తారు. బియ్యం తూచి సంచి బరువు తీసేసినట్టు. వానల మొదట్లో యంత్రానికి కొత్త కంప్యూటర్ పెట్టినప్పుడు కమలాకర్ ఒకసారి ఖాళీని కొలిచి అందులో దాచాడు. అప్పటి నుంచి తీసివేత యంత్రమే చేసుకుంటోంది. తీసివేత అయ్యాక వచ్చిన బొమ్మే దమయంతి చూసేది. కొలతలు నీవి, లెక్కలు నావి అని పంచుకున్నది కమలాకరే. "నీ చెయ్యి పడితే కొలత తప్పదు" అని నలుగురి ముందూ అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా దమయంతి తల వంచుకుని లోలోపల మురిసేది.

కొత్త ఖాళీని కొలిచింది. తెర మీద నల్లటి చదును. ఏమీ లేదు, ఉండకూడదు కూడా. పాత ఖాళీ కూడా ఇలాగే ఉందో లేదో చూద్దామని, దాచిన దాన్ని పైకి తీసింది.

అందులో వలయం ఉంది.

యంత్రం మురికిగా ఉందేమో అనుకుంది. అన్నీ తుడిచి, మళ్లీ కొలిచింది. కొత్త ఖాళీ ఖాళీగానే ఉంది. పాత దాంట్లో మాత్రం కేంద్రానికి దగ్గరగా, చిన్నగా, ముడుచుకుపోయిన వలయం. దాని అంచునే ఇంకో సన్నటి వలయం, వెంట్రుకంత. ఏమీ లేని చోట ఇది ఎలా వచ్చింది? మధ్యలో ఏదో ఉండగా కొలిచి, దానికి ఖాళీ అని పేరు పెడితే తప్ప రాదు.

తర్వాత ఆరుగురి బొమ్మల్లోంచీ పాత ఖాళీని వదిలేసి, కొత్త ఖాళీతో తీసివేత చేసింది. పెద్ద వలయాలు పలచబడ్డాయి. వాటి లోపల, ఇన్నాళ్లూ ఆమెకు కనబడని చిన్న వలయాలు ఒక్కొక్కటే తేలాయి. ఆరుగురికీ ఉన్నాయి. నెల గడిచేకొద్దీ లోపలికి జరుగుతున్నాయి. పెద్ద వలయాన్ని చూసి ఇన్నాళ్లూ పొరలన్నీ కొత్తవాటిలా ఉన్నాయని రాసుకుంది తను. చిన్న వలయాన్ని మాత్రం ప్రతి బొమ్మలోంచీ, బియ్యంలోంచి సంచి బరువు తీసేసినట్టు, ఎవరో తీసేయించారు.

తీసేయాలంటే అలాంటి వలయమున్న ముక్క చేతిలో ఉండాలి. బాగా వాడి, బిగియడం మొదలైన పొర ముక్క. వెంట్రుకంత రెండో వలయం జింకు ఉప్పుతో చేసిన పొరకే వస్తుంది. తర్వాతి అయిదూ సోడియంతో చేశారు. జింకుతో చేసింది ఒక్కటే. మొదటిది. అక్కది.

వానలు మొదలైనప్పుడు ప్రసన్న పంపిన ముక్క ఎండిపోయి పనికి రాకుండా పోయిందని, పారేశానని కమలాకర్ చెప్పాడు. అయ్యో అంది దమయంతి అప్పుడు. అంతకు మించి అడగలేదు. అక్క గొంతులోంచి తెచ్చిన ముక్కతోనే అక్క గొంతు జబ్బును దాచాడు ఆయన.

దమయంతి పని ఆపలేదు. పొర ఎక్కడ బిగిసిందో, ఎక్కడ ఇంకా కదులుతోందో చూసుకుంటూ పోయింది. మాటిమాటికీ ఏ బిగువుకు వాడతామో ఆ బిగువు దగ్గరే గుంపులు చేరుతున్నాయి. వాడని దారులు మూసుకుపోతున్నాయి. నవ్వు రోజుకు ఎన్నిసార్లు నవ్వుతాం? కోపంగా ఎన్నిసార్లు అరుస్తాం? అక్క మాత్రం పగలంతా మైకు ముందు ఒకే గొంతుతో వందలసార్లు చెబుతుంది. పొర ఆ ఒక్కదానికీ అలవాటు పడి, తక్కినవన్నీ వదిలేస్తోంది. ఇలాగే పోతే ఆఖరున అదీ పోతుంది.

డాక్టర్ ప్రసన్నకు ఫోన్ చేసింది. వలయం ఎక్కడి దాకా జరిగిందో చెప్పింది. ఉప్పు వేన్నీళ్లు రోజూ ఇస్తున్నామని కూడా చెప్పింది, ఏదో ఒక మంచి మాట వినబడుతుందేమోనని.

"ఉప్పునీళ్లా? అది నేను చెప్పలేదే" అంది ప్రసన్న. "పుక్కిలిస్తే ఆ వేడి పొర దాకా పోదు. ఎవరు చెప్పారమ్మా?"

దమయంతి ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. ప్రసన్నే నెమ్మదిగా వివరించింది. గుంపులు కలవడం మొదలైన పొరను మత్తు ఇచ్చి, గొంతులోకి వేడి ఆవిరి పంపి, ఒక పూట కాచితే గుంపులు విడిపోతాయి. పొర మళ్లీ కొత్తదవుతుంది. ప్రయోగశాలలో పొర ముక్కల మీద అది చేసి చూపించింది కమలాకరే. అవసరం పడితే వెంటనే చెప్పండి, చేద్దాం అని ఆమె అప్పుడే అంది. ఇన్నాళ్లూ వలయాలు కదల్లేదని చెబుతుంటే, అవసరం పడలేదనుకుంది.

"ఇప్పుడు చెయ్యలేరా?"

"ఇంత లోపలికి వచ్చేసిందంటే పొర కండను పట్టేసుకుని ఉంటుంది. వేడి చేస్తే చిరుగుతుంది. కండ కూడా చిరుగుతుంది, ఇంకో పొర కుట్టడానికి చోటుండదు. వానల మొదట్లో తెచ్చి ఉంటే..." ప్రసన్న ఆగింది. "తక్కిన అయిదుగుర్నీ రేపే పిలుస్తాను. వాళ్లకింకా టైముంది. మీ అక్కను కూడా తీసుకురా. చూస్తాను. ఆశ పెట్టలేను."

దమయంతి రెండు ఖాళీలనూ, రెండు రకాల బొమ్మలనూ, కింద తన పేరుతో కమిటీకి పంపింది. పాత ఖాళీ ఎవరు కొలిచారన్న చోట భర్త పేరు రాసింది. తర్వాత యంత్రం ఆపి, పొద్దుండగానే బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుంది గానీ బయట ఏమీ కనబడలేదు. రోజూ పొద్దున్నే గిన్నెలో వేలు ముంచి చూస్తున్న తనే కనబడింది. వేడి ఎక్కువైతే అక్కకు కాలుతుందని, తక్కువైతే పని చెయ్యదని, ఎంత జాగ్రత్తగా చూసేదో. ఆ గుమ్మంలోనే నిలబడి కమలాకర్ ఎన్నోసార్లు చూశాడు. ఒక్కసారైనా ఆగు అని అనలేదు.

ఇంటికి వచ్చేసరికి కమలాకర్ ముందుగదిలో ఉన్నాడు. కమిటీ నుంచి కబురు అప్పటికే అందినట్టుంది, చొక్కా కూడా మార్చుకోలేదు. సన్యాసమ్మ డ్యూటీ దిగి వచ్చి, గుమ్మం దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. దమయంతి చెప్పులు విప్పి, భర్త ఎదురుగా నిలబడింది.

"నాతో ఒక్కమాట అనకుండా పంపేశావు" అన్నాడు కమలాకర్. గొంతులో కోపం లేదు. అలసిపోయినవాడిలా ఉన్నాడు.

"మీరు నాతో అన్నారా?"

ఆయన చాలా చెప్పాడు. మొదట్లో భయపడ్డానన్నాడు. బయటపెడితే పని ఆపేస్తారు, ఆపేస్తే దీనికి విరుగుడు వెతికే వీలు కూడా ఉండదు, కాస్త టైము దొరికితే సోడియం బదులు ఇంకోటి వేసి సరిచేద్దామనుకున్నానన్నాడు. నలభైమంది పలకలు పట్టుకుని కూర్చుని ఉన్నారు, వాళ్లకు రెండేళ్ల గొంతు దొరికినా గొంతే కదా అన్నాడు. వేన్నీళ్ల సంగతి దమయంతి అడిగింది. ఏదో ఒకటి చేస్తున్నామన్న తృప్తి ఇంట్లో ఉంటుందని అనుకున్నానని, ఆ ఒక్క మాటకు మాత్రం తల దించుకున్నాడు.

"తృప్తి ఎవరికండీ?"

ఆయన సన్యాసమ్మ వైపు చూశాడు. "వదినకి తెలుసు దమయంతీ. నేను దాచలేదు. వానలప్పుడే చెప్పాను."

దమయంతి వెనక్కి తిరిగింది. సన్యాసమ్మ చేతిలో చిక్కుడుకాయ ఉంది. తుంపలేదు.

"అవునే అమ్మీ" అంది సన్యాసమ్మ. "పొర అరిగిపోతాది, కొన్నాళ్లకి గొంతు మళ్లీ పోతాదని చెప్పేరు. పోతే పోనీమన్నాను. అసల్లేనిదానికి ఇన్నాళ్లు వచ్చినాది, చాలదేటి. నీకు తెలిస్తే నువ్వూరుకోవు, అంతా ఆపించెస్తావు, ఇన్నేళ్ల నీ కష్టం ఏట్లో కలిసిపోతాది, చెప్పొద్దొదినా అన్నారు. నేను చెప్పలేదు."

ఇదంతా ఆమె బస్సు వేళలు చెబుతున్నట్టే చెప్పింది.

భర్త సంగతి దమయంతి బస్సులో వస్తూ వస్తూ ఎంతో కొంత మింగింది. ఇది గొంతు దిగలేదు. రోజూ తను గ్లాసు అందిస్తుంటే, అది ఎందుకూ పనికిరాదని తెలిసే అక్క పెరట్లోకి పోయి పుక్కిలించింది. వచ్చి, ఈ వేళ గొంతు తేలిగ్గా ఉన్నాదే అని కూడా అనేది. ఇంట్లో ఇద్దరికీ తెలుసు. కొలిచేది తనొక్కతే, తెలియనిది కూడా తనొక్కతే.

"నువ్వు కూడానా" అంది. ఇంకా ఏదో అనబోయి, ఆగి, మెల్లిగా అడిగింది. "అరిగిపోతాదని చెప్పేరు సరే. బాగు చెయ్యొచ్చని చెప్పేరా?"

"ఏటి" అంది సన్యాసమ్మ. అది ప్రశ్న అని ఆమె కళ్లను చూస్తే గాని తెలియలేదు.

"వానలప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లుంటే, ఒక్క పూట ఆవిరి పడితే పొర మళ్లీ కొత్తదయిపోయీది. ఆ సంగతి కనిపెట్టిందీ ఈయనే. ఇప్పుడు చేద్దామంటే చిరిగిపోతాదంటున్నాది డాక్టరమ్మ."

సన్యాసమ్మ మరిది వైపు తిరిగింది.

"ఆవిరి పెట్టాలంటే ఆసుపత్రిలో రాయించాలి వదినా" అన్నాడాయన. "ఎందుకు పెడుతున్నారని అడుగుతారు. అడిగితే అంతా బయటకొస్తుంది. కొన్నాళ్లు ఆగుదామనుకున్నాను. ఇంత తొందరగా..."

సన్యాసమ్మ లేచింది. ఒళ్లోని చిక్కుడుకాయలు గచ్చు మీద చెల్లాచెదురయ్యాయి. మెడ నరాలు తాళ్లలా లేచాయి. కళ్లు ఎర్రబడ్డాయి. చెయ్యెత్తి, మరిది మొహం ముందుకు చూపుడువేలు తెచ్చి, గుండెలో ఉన్న బలమంతా పెట్టి అరిచింది.

"నా గొంతు నాకు తెలీకుండా అమ్ముకున్నావు. నిన్ను తమ్ముడనుకున్నాను. నువ్వు మనిషివి కావు."

అరుపు కాదు అది. ప్రయాణికులకు విన్నపం చేసే గొంతు. తొందరపడకండి, అందరికీ చోటుంది అన్నట్టు మర్యాదగా, చల్లగా, ఒక్క మాటను ఇంకో మాట కంటే పైకెత్తకుండా వచ్చింది. గోడవతల వాళ్లు విని ఉంటే, సన్యాసమ్మ మరిదితో ఏదో కబుర్లాడుతోంది అనుకుని ఉంటారు.

ఆమెకు కూడా వినబడింది. చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. ఇంకోసారి నోరు తెరిచింది. ఈసారి మాటలు పెట్టుకోలేదు, ఉత్త ఏడుపే ఏడవబోయింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, ఛాతీ ఎగసిపడుతోంది, గొంతులోంచి మాత్రం ఒకే సన్నటి, సమమైన చప్పుడు. ఎత్తు లేదు, విరుపు లేదు. అది ఎక్కువసేపు సాగలేదు. ఆమే ఆపేసుకుంది. నోరు గట్టిగా మూసుకుని, పెదాల మీద చెయ్యి పెట్టుకుంది.

కమలాకర్ లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

"అక్కా" అంది దమయంతి. దగ్గరికి వెళ్లి మోచెయ్యి పట్టుకుంది. "రేపు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి పోదాం. చూస్తానన్నాది. ఆవిడ చూసీదాకా అయిపోనాదని అనుకోకు."

సన్యాసమ్మ ఆమె మొహంలోకి చూసింది. చిన్నప్పుడు జడ వేసి, పాపిట సరిగ్గా వచ్చిందా అని చూసినట్టు, అంత నిదానంగా చూసింది. ఆ చూపులో కోపం ఉంటే దమయంతి ఓర్చుకునేది. ఇన్ని నెలలు నా ముందే తిరిగావు, నా మాట వింటూనే ఉన్నావు, నీకు తెలియలేదా అని అడుగుతున్నట్టుంది. దమయంతి తెర మీద పడ్డ బొమ్మను నమ్మింది. చెవిన పడ్డదాన్ని కొలవలేదు.

"నాకెందుకు చెప్పలేదే" అంది అక్కతో. నిష్ఠూరంగా అందామనుకున్న మాట బతిమాలుతున్నట్టు వచ్చింది. "ఆయన చెప్పొద్దంటే మాత్రం. నాకు నీకంటే ఎక్కువా ఈ పని? తిట్టవే. నన్నైనా తిట్టు."

సన్యాసమ్మ పెదాలు ఒకసారి కదిలాయి. ఆ గొంతు ఎలా వస్తేనేం, ఒక్క మాట వస్తే చాలనుకుంది దమయంతి. పెదాలు మళ్లీ మూసుకున్నాయి. సన్యాసమ్మ తన చేతి మీదున్న చెల్లెలి వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసింది. గట్టిగా కాదు, పసిపిల్ల గుప్పిట విడదీసినట్టు. గోడకు వేలాడుతున్న చేతిసంచి తీసి భుజాన వేసుకుంది. కింద పడ్డ కాయలు తొక్కకుండా చూసుకుంటూ గుమ్మం దాటి, మెట్ల మీద కూర్చుని చెప్పుల పట్టీలు పెట్టుకుంది.

దమయంతి గుమ్మంలో నిలబడింది. ఎక్కడికని అడగడానికి నోరు రాలేదు. అడిగితే ఆమె ఆ గొంతుతోనే జవాబు చెప్పాల్సి వస్తుంది.

సన్యాసమ్మ గేటు తీసుకుని బయటికి వెళ్లి, వెనక్కి చేయి పెట్టి గేటు వేసి, వీధిలో నడుచుకుంటూ వెళ్లిపోయింది.